రెండడుగుల ట్యాంకులో ఏ చేపలు కలిసి బతుకుతాయి?

హైదరాబాదు శివారులోని ఒక అపార్ట్‌మెంటు నుంచి, పేరు ప్రచురించవద్దన్న వినతితో, ఒక ఉపాధ్యాయురాలు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. అయిదో తరగతి చదువుతున్న వారి పాప పుట్టినరోజుకు మరిది రెండడుగుల గాజు ట్యాంకును కానుకగా తెచ్చారు. దుకాణం నుంచి వచ్చిన కుర్రాడు ఆ సాయంత్రమే గులకరాళ్లు పరిచి, బోరు నీళ్లు నింపి, ఫిల్టరు బిగించి, రెండు గోల్డ్‌ఫిష్‌లు, రెండు ఏంజెల్‌లు, ఆరు నియాన్ టెట్రాలు, మూడు టైగర్ బార్బ్‌లు, రెండు ‘షార్క్’ పిల్లలు, అడుగున మురికి తింటుందంటూ ఒక సక్కర్ చేప, మొత్తం 16 చేపలను వదిలి వెళ్లాడు.

పాప ప్రతి చేపకూ పేరు పెట్టి, వాటి సంగతులన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకుంటోంది. నాలుగో రోజున ఒక నియాన్ చనిపోయింది. ఆరో రోజున ఒక గోల్డ్‌ఫిష్, ఎనిమిదో రోజున రెండోది నీటి పైకి వచ్చి నోరు తెరుస్తూ మూస్తూ తెల్లవారేసరికి తేలిపోయాయి. మిగిలిన నియాన్‌లు మూడు వారాలలో ఒక్కొక్కటిగా మాయమయ్యాయి. చచ్చిన చేప మాత్రం కనబడలేదు. ఒక ఏంజెల్ రెక్కలు చిరిగి, మూలకు చేరి, నెల తిరగకముందే పోయింది. దుకాణదారు చెప్పినట్టే ప్రతి ఆదివారం ట్యాంకును పూర్తిగా ఖాళీ చేసి, రాళ్లను, ఫిల్టరు స్పాంజిని కొళాయి కింద తెల్లబడేదాకా కడుగుతున్నారు. చేపలకు మేత వేయడం పుణ్యమని అత్తగారు రోజుకు నాలుగైదు సార్లు వేస్తారు. చేప చనిపోయినప్పుడల్లా ‘ఇంటికి రావలసిన కీడు అది తీసుకుపోయిందిలే’ అని ఆమె మనవరాలిని ఓదార్చబోతే, మన ఇంటికి ఇన్ని కీడులు ఎందుకు వస్తున్నాయని ఆ పిల్ల రాత్రిళ్లు భయపడుతోంది. భర్త ట్యాంకును ఎవరికైనా ఇచ్చేయమంటున్నారు. అత్తగారు ఉన్నవాటిని గుడి కోనేటిలో వదిలేసి, వాస్తుకు మంచిదని ఒక ఆరోవానా చేపను తెచ్చుకుందామంటున్నారు. ఈ ట్యాంకులో ఏ చేపలు కలిసి బతుకుతాయి, ఉన్నవాటిని ఏం చేయాలి, సెలవులకు ఊరు వెళితే వాటి గతేమిటి, అసలు ఇది తనకు సాధ్యమయ్యే పనేనా అన్నవి ఆమె ప్రశ్నలు. ఆర్వో మెకానిక్ కొలిచిన అంకెలు కూడా జత చేశారు: బోరు నీటి టీడీఎస్ 780, ఆర్వో నీటిది 45.

అమ్మా, మీ పాప నోటుపుస్తకం ఎంతో పనికివచ్చింది. తేదీలతో సహా రాసిపెట్టబట్టే, ఒకే దురదృష్టంలా కనబడుతున్న ఈ చావుల వెనుక వేరువేరు కారణాలు ఉన్నాయని తేల్చి చెప్పగలుగుతున్నాను. మొదటి ఎనిమిది రోజుల్లో పోయినవి నీటి వల్ల పోయాయి. మాయమైనవి మరో చేప నోట్లోకి పోయాయి. రెక్కలు చిరిగినది పొరుగు చేపల పళ్ల వల్ల పోయింది. వీటిలో ఏదీ మీ ఇంటికి రావలసిన కీడు కాదు. ఈ మాటను పాపకు మీరు చెప్పడం కన్నా, ఆ నోటుపుస్తకాన్నే ముందు పెట్టుకుని, ఏ తేదీన ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో తనచేతనే పక్కన రాయిస్తే మేలు. అత్తగారిని తప్పుపట్టకుండానే ఆ భయం తగ్గుతుంది.

మొదట నీటి సంగతి చూద్దాం. చేపల విసర్జనల నుంచి, తినకుండా మిగిలిన మేత నుంచి నీటిలో అమ్మోనియా పుడుతుంది. అది మొప్పలను కాల్చే విషం. పాతబడిన ట్యాంకులో ఫిల్టరు స్పాంజిలోనూ రాళ్ల మీదా స్థిరపడిన బ్యాక్టీరియా ఆ అమ్మోనియాను నైట్రైటుగా, మరో రకం బ్యాక్టీరియా ఆ నైట్రైటును అంతగా హాని చేయని నైట్రేటుగా మారుస్తాయి. కొత్త ట్యాంకులో ఈ బ్యాక్టీరియా తగినంతగా పెరగడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మీ ట్యాంకులో మొదటి సాయంత్రమే 16 చేపలు చేరాయి. పైగా బోరు నీరు క్షారగుణం కలిగినదైతే, అదే మోతాదు అమ్మోనియా అందులో మరింత విషపూరితమవుతుంది. గాలి పంపు ఆడుతున్నా గోల్డ్‌ఫిష్‌లు పైకి వచ్చి నోరు తెరవడానికి కారణం ఇదే కావచ్చు: నీటిలో గాలి ఉన్నా మొప్పలు దానిని తీసుకోలేకపోయాయి. ఆ తరువాత మీరు శ్రద్ధగా ప్రతి ఆదివారం చేస్తున్న శుభ్రత, అప్పుడప్పుడే పుట్టుకొస్తున్న ఆ బ్యాక్టీరియాను కడిగి పారేస్తోంది. అంటే నెల దాటినా మీది ఇంకా కొత్త ట్యాంకే. శుభ్రంగా ఉంచాలన్న మీ పట్టుదలే చేపలకు చేటు చేసిందని చెప్పవలసి రావడం నాకు కష్టంగానే ఉంది. కాని ఆ సలహా మీది కాదు.

ఈ ఆదివారం నుంచి పద్ధతి మార్చండి. వారానికి ఒకసారి నాలుగో వంతు నీటిని మాత్రమే, అంటే ఒక బకెట్ కన్నా తక్కువే, గొట్టంతో రాళ్ల సందుల్లోని మురికితో సహా లాగేసి, అంతే నీరు తిరిగి పోయండి. ఫిల్టరు స్పాంజి మూసుకుపోయినట్టు అనిపించినప్పుడు, బయటికి తీసిన ఆ ట్యాంకు నీటిలోనే రెండుసార్లు పిండి మళ్లీ పెట్టేయండి. అది గోధుమరంగులో ఉండడమే ఆరోగ్యం. మీ సంపులోకి మునిసిపల్ నీళ్లు కూడా వస్తాయని రాశారు కనుక, పోసే ముందు యాంటీ క్లోరిన్ చుక్కలు కలపడం తప్పనిసరి. తెలిసినవారి ఇంట్లో ఆరోగ్యంగా నడుస్తున్న పాత ట్యాంకు ఉంటే, వారి ఫిల్టరు స్పాంజి ముక్క ఒకటి అడిగి తెచ్చి, తడి ఆరకుండా మీ ఫిల్టరులో పెట్టండి. పాలకు తోడు వేసినట్టు అది పని చేస్తుంది.

రెండవది చోటు. మీరు పంపిన కొలతలు 60 × 30 × 30 సెంటీమీటర్లు. లెక్కకు 54 లీటర్లే అయినా రాళ్లు, పైన వదిలిన ఖాళీ పోగా మిగిలేది దాదాపు 45 లీటర్లు. దుకాణాలలో అమ్మేవన్నీ పిల్లలే. అవి ఎంతవుతాయో ప్లాస్టిక్ సంచిలో చూస్తే తెలియదు. గోల్డ్‌ఫిష్ పది, పదిహేను సెంటీమీటర్లు సులువుగా దాటుతుంది, విపరీతంగా విసర్జిస్తుంది, మిగిలినవాటి కన్నా చల్లని నీటిని కోరుతుంది. ఏంజెల్ దాదాపు 15 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. ఎత్తైన ట్యాంకు దానికి కావాలి. సక్కర్ అడుగు పొడవు దాటుతుంది, మురికిని తినకపోగా దానిని పెంచుతుంది. ఇక మీకు ‘షార్క్’ అని ఇచ్చిన ఆ వెండిరంగు పిల్లలు, మీరు రాసిన ఆనవాళ్లను బట్టి, సొరచేపలు కానే కావు. కొల్లేటి చుట్టుపక్కల చెరువుల్లో టన్నుల కొద్దీ పెంచి మార్కెట్లకు పంపే పంగస్ చేప పిల్లలే అవి. మీటరు దాటి పెరగగల చేప. చిన్న శబ్దానికే బెదిరి గాజుకు మూతి కొట్టుకుంటున్నాయని మీరు రాసినది వాటి స్వభావమే. గుంపుగా, పెద్ద నీటిలో తిరగవలసినవి కాబట్టి ఇరుకులో ఆ బెదురు ఎక్కువవుతుంది.

మూడవది స్వభావం. ఏంజెల్ చూడడానికి ఎంత సాధువుగా ఉన్నా, నోట్లో పట్టే చేపను వదలదు. నియాన్ సరిగ్గా దాని నోటికి పట్టే కొలత. అందుకే మీకు చచ్చిన చేపలు దొరకలేదు. టైగర్ బార్బ్‌లు ఎనిమిది, పది కలిసి ఉంటే ఒకదాన్నొకటి తరుముకుంటూ కాలం గడుపుతాయి. మూడే ఉన్నప్పుడు ఆ చిలిపితనమంతా పక్కవారి రెక్కల మీద చూపుతాయి. పొడవైన రెక్కలతో నెమ్మదిగా కదిలే ఏంజెల్ కన్నా వాటికి అనువైన లక్ష్యం ఏముంటుంది?

ఇప్పుడు మిగిలిన ఏడింటి మాట: ఒక ఏంజెల్, మూడు టైగర్ బార్బ్‌లు, రెండు పంగస్‌లు, ఒక సక్కర్. వీటిలో ఏ ఒక్కటీ మీ ట్యాంకులో పూర్తి జీవితం గడపగలిగినది కాదు. దుకాణానికి తిరిగి ఇవ్వడం ఒక దారి. డబ్బు రాకపోవచ్చు, అవి మళ్లీ మరో చిన్న ట్యాంకుకు చేరవచ్చు, కాని మీ ట్యాంకుపై భారం వెంటనే తగ్గుతుంది. పెద్ద ట్యాంకులున్న అభిరుచిపరులను వెతికి ఇవ్వడం రెండో దారి. దీనికి సమయం పడుతుంది, ఏంజెల్‌కూ బార్బ్‌లకూ ఎవరైనా దొరుకుతారేమో గాని, పంగస్‌నూ సక్కర్‌నూ ఎవరూ సులభంగా తీసుకోరు. నాలుగడుగుల ట్యాంకు కొనడం మూడో దారి. బార్బ్‌లకు తోడు మరో అయిదారు తెచ్చి పెట్టుకుంటే అది అందమైన ట్యాంకే అవుతుంది. కాని నీటితో, రాళ్లతో అది 200 కిలోలు దాటుతుంది. మీ ఇంట్లో సమయం కరువని మీరే రాశారు. పంగస్‌ల సమస్య అప్పటికీ తీరదు.

గుడి కోనేరు మాత్రం వద్దు. ఇక్కడ ఎంపికలు ఇవ్వను. సక్కర్ దక్షిణ అమెరికా చేప. ఇలా ఇళ్ల నుంచి, దుకాణాల నుంచి బయటపడినవే మన చెరువుల్లో, జలాశయాల్లో పెరిగి, ముళ్లతో జాలరుల వలలు చింపుతూ, స్థానిక చేపల తిండికి పోటీ అవుతున్నాయి. జాలరులు దానిని దెయ్యం చేప అంటారు. తూర్పు కనుమల జలాశయాల్లో అది ఎక్కడెక్కడ చేరిందో నీటిలోని డీఎన్‌ఏ ఆనవాళ్లతో కనిపెట్టే పద్ధతిని హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు రూపొందించవలసి వచ్చిందంటే పరిస్థితి అర్థమవుతుంది. ఒక ప్రాణిని వదిలిపెట్టడం పుణ్యమని అత్తగారు భావిస్తే, కోనేటిలో ఇప్పటికే ఉన్న ప్రాణుల సంగతి కూడా ఆమెకు చెప్పి చూడండి.

కొత్తగా ఏం పెంచాలన్న మీ అసలు ప్రశ్నకు, చేపల దుకాణంలో కాక మీ కొళాయి దగ్గర జవాబు వెతకాలి. కలిసి బతకడమంటే ఒకదాన్నొకటి కొరుక్కోకపోవడం మాత్రమే కాదు, ఒకే నీరు, ఒకే వేడి అన్నిటికీ సరిపడడం. టీడీఎస్ అంటే నీటిలో కరిగినవాటన్నిటి మొత్తమే తప్ప కఠినత్వం ఒక్కటే కాదు. అయినా 780 ఉండి, గీజరులో, కొళాయిల మీద తెల్లని పొర కడుతున్నదంటే మీది బాగా కఠినమైన నీరు. అమెజాన్ ప్రాంతపు మెత్తని, ఆమ్లగుణమున్న నీటిలో పుట్టిన నియాన్‌కు అది పరాయి దేశం. గప్పీ, ప్లాటీ వంటి పిల్లలను కనే చేపలకు మాత్రం అదే ఇష్టం.

కాబట్టి మీ నీటిని ఉన్నది ఉన్నట్టు వాడుకోదలిస్తే గప్పీలు సరైనవి. ఎనిమిది మగ గప్పీలు మీ ట్యాంకులో హాయిగా ఉంటాయి. రంగులన్నీ మగవాటివే కనుక పాపకు కొదవ ఉండదు. ఆడవాటిని కలిపితే నెలకోసారి పదుల సంఖ్యలో పిల్లలు పుడతాయి. కొన్నాళ్లు సంబరమే, ఆ తరువాత ఇరుకు. ఒక్క ఆడచేపనే తెచ్చినా తప్పించుకోలేరు, ఎందుకంటే దుకాణంలోనే మగవాటితో కలిసి ఉంటుంది, ఒకసారి కలిస్తే నెలల తరబడి పిల్లలను కనగలదు. మగది సన్నగా, చిన్నగా, పెద్ద రంగుల తోకతో ఉంటుంది. దాని పొట్ట కింది రెక్క పుల్లలా మొన తేలి ఉంటుంది. ఆడదానికి ఆ రెక్క విసనకర్రలా విప్పారి, పక్కన ముదురు మచ్చ ఉంటుంది. ట్యాంకు గాజుకు దగ్గరగా ముఖం పెట్టి ఒక్కొక్కదాన్ని చూపించి పట్టించుకోండి. తొందరపడే దుకాణదారుకు ఇది నచ్చదు, ఫరవాలేదు.

జీబ్రా డేనియోలు ఇంకొక దారి. మన దేశపు వాగుల్లోనూ పుట్టిన చేప, గట్టి ప్రాణం, చలికాలంలో హీటరు లేకపోయినా తట్టుకుంటుంది. ఎనిమిది కలిపి పెట్టాలి. క్షణం నిలవదు, కొందరికి అదే ఆనందం, ప్రశాంతత కోసం ట్యాంకు పెట్టుకున్నవారికి అదే విసుగు. గప్పీలతో కలపకపోవడం మంచిది, వాటి పొడవైన తోకలను ఇవి నెమ్మదిగా ఉండనీయవు.

పాప నియాన్‌లే కావాలని పట్టుబడుతోందని రాశారు. అసాధ్యం కాదు. మూడు పాళ్లు ఆర్వో నీరు, ఒక పాలు బోరు నీరు కలిపితే మీ అంకెల ప్రకారం టీడీఎస్ 230 దగ్గరికి వస్తుంది. ఆ నీటిలో పది నియాన్‌లు, వాటికి తోడుగా మన గంగా, బ్రహ్మపుత్ర ప్రాంతపు హనీ గౌరామి జంట ఒకటి చక్కగా కలిసి ఉంటాయి. కాని ప్రతి వారం ఎనిమిది లీటర్ల ఆర్వో నీరు పట్టాలి, దానికి మించి వృథా నీరు పోతుంది, ఏ వారమైనా మరిచి నేరుగా బోరు నీరు పోస్తే చేపలకు దెబ్బ. పైగా నియాన్‌కు 26 డిగ్రీలు దాటితే సుఖం ఉండదు; మే నెలలో మీ హాలు 33 దగ్గర ఉంటుంది. అది కూడా ట్యాంకు బాగా పాతబడి, మూడు నాలుగు నెలలు నిలకడగా నడిచాకే ఆలోచించవలసిన సంగతి.

చివరిది, చాలామంది తక్కువగా చూసే దారి: ఒక్క ఫైటర్ చేప. దుకాణాల్లో సీసాలో పెట్టి అమ్ముతారు కాబట్టి దానికి సీసా చాలని అనుకుంటారు గాని, 45 లీటర్లలో, మొక్కల మధ్య అది తిరిగే తీరు వేరు. గాలి పైనుంచి కూడా పీల్చుకోగలదు, మన వేడిని తట్టుకుంటుంది, ఒక్కటే కనుక మేత, మురికి రెండూ తక్కువ. మనిషిని గుర్తుపట్టినట్టు గాజు దగ్గరికి వస్తుంది. ఫిల్టరు నీటి తోపు మాత్రం తగ్గించాలి. దానితో మరో మగ ఫైటర్‌ను గాని, గప్పీలను గాని వేయకూడదు. గప్పీ రంగుల తోకను మరో మగదిగా భావించి పోట్లాడుతుంది. సమయం లేదన్న మీ బాధకు, ఎవరికైనా ఇచ్చేయమన్న మీ వారి మాటకు మధ్యేమార్గం ఇదేనేమో. నన్ను అడిగితే మగ గప్పీల వైపు మొగ్గుతాను, కాని పాపకు ఒక చేపతో చెలిమి చేయాలని ఉందా, గుంపును చూడాలని ఉందా అన్నది మీకే తెలుస్తుంది.

ఏది ఎంచుకున్నా ఉన్నవాటిని పంపాక వెంటనే నింపవద్దు. ఖాళీ ట్యాంకులో రోజూ చిటికెడు మేత వేస్తూ, ఫిల్టరు ఆపకుండా నడిపితే బ్యాక్టీరియా పెరుగుతుంది. అమ్మోనియా, నైట్రైటు చూసే చుక్కల కిట్ కొని, రెండూ సున్నా చూపేదాకా ఆగండి. ఒక మనీప్లాంట్ తీగ వేళ్లు నీటిలోకి వేలాడదీస్తే నైట్రేటును అది కొంత తీసుకుంటుంది. ఆ తరువాత కూడా మొదట సగం చేపలనే తెచ్చి, రెండు వారాలు చూసి మిగతావి తేవాలి. రెక్కలు ముడుచుకున్నవి, ఒంటి మీద ఉప్పు రవ్వల్లాంటి తెల్లని చుక్కలున్నవి ఏ ట్యాంకులో కనబడినా, అందులోని మంచి చేపను కూడా కొనవద్దు. సంచిని పదిహేను, ఇరవై నిమిషాలు నీటిపై తేలనిచ్చి, మీ నీరు కొద్దికొద్దిగా అందులో కలిపి, చేపను మాత్రమే వదిలి, దుకాణం నీరు పారబోయండి. వేసవిలో మూత తీసి వల కప్పి, నీటి మీదుగా చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది.

అత్తగారి విషయంలో నాకు తోచినది ఇది. ఆరోవానా మీద వాస్తు వాదన పెట్టుకోకండి, గెలిచినా లాభం లేదు. మామూలుగా దొరికే వెండి ఆరోవానా రెండడుగులు దాటి పెరుగుతుందని, మీ ట్యాంకు పొడవే రెండడుగులని చెప్పి టేపుతో చూపించండి. తిరగడానికి చోటు లేని ప్రాణిని ఇంట్లో ఉంచుకోవడానికి ఆమె మనసే ఒప్పుకోదు. మేత వేసే పని ఆమె నుంచి తీసేయడం కూడా సరికాదు. ఉదయం ఒక్కసారి, రెండు నిమిషాల్లో చేపలు తినేసే మేత ఎంతో కొలిచి, ఏడు రోజులవి ఏడు పొట్లాలు కట్టి ఆమెకు ఇవ్వండి. ఎక్కువ మేత కుళ్లి అమ్మోనియా అవుతుందని, అది చేపలకు విషమని పాప చేత చెప్పిస్తే ఆమె వింటారు. పొట్లాలు కట్టే పని పాపది, వేసే పని నాయనమ్మది, ఆదివారం బకెట్ మోసే పని మీ వారిది అయితే, మీకు మిగిలేది వారానికి అరగంట.

ఈ అరగంట కూడా కుదరదనుకుంటే ఏడు చేపలనూ తగిన చోటికి చేర్చి, ట్యాంకును ఆరబెట్టి అటక ఎక్కించడం తప్పేమీ కాదు. పాప కోసం మరో రెండేళ్ల తరువాత మళ్లీ దించవచ్చు. నడపాలనే నిర్ణయించుకుంటే, మీరు అడిగిన సెలవుల సంగతికి వస్తాను. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు నాలుగైదు రోజులు మేత లేకపోయినా ఉంటాయి. సంక్రాంతికి ఊరు వెళ్లే ముందు రోజు నాలుగో వంతు నీళ్లు మార్చి, ఫిల్టరు నడుస్తూ ఉండనిచ్చి, లైటు ఆపి వెళ్లండి. మేత డబ్బా మాత్రం పక్కింటివారి చేతికి ఇవ్వకండి.